కానరాని కాంతి - కనబడు పలక

మార్కాపురము పేరు చెప్పినంతనే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది పలక. ఆ పట్టణపు పరిసరములలో పొరలు పొరలుగా చీలు నల్లని రాయి భూమిలో దొరకును. ఆ రాతిని పలుచగా చీల్చి, అంచులు కోసి, నునుపుచేసి, నాలుగు వైపుల కొయ్యచట్రము బిగించి పలకలు చేయుట అచ్చటి వృత్తి. ఎన్నో తరముల బాలబాలికలు ఆ పలకలమీదనే బలపముతో ఓనమాలు దిద్దుకొనిరి. మార్కాపురపు పలకలు దూరదేశములకును ఎగుమతి అయినవి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు శిలాశ్రేణులలో నొకదానికి సమీపముననున్న కంభము పేరే పెట్టియున్నారు. మార్కాపురమునకును గిద్దలూరునకును నడుమ, కంభమునకు చేరువగా ఉన్న ఊరు బేస్తవారిపేట. బేస్తవారమనగా గురువారము. పలకరాతి సీమకు ఇంత దగ్గరనున్న ఈ ఊరి బాలురకు పలక అనగానేమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఐనను పలక అను మాటకు ఇప్పుడు మరియొక అర్థము వచ్చి చేరినది. 2023వ సంవత్సరమున ఆంధ్రప్రదేశములోని ప్రభుత్వ పాఠశాలల తరగతి గదులలో పెద్ద పెద్ద స్పర్శ తెరలను అమర్చుట ఆరంభమైనది. ఉపాధ్యాయుడు వ్రేలితో తాకినచోట గీత పడును. అరచేతితో తుడిచిన గీత చెరగును. చూచువారికి తెరయే చేతి స్పర్శను గ్రహించుచున్నట్లు తోచును. కాని ఇట్టి పెద్ద తెరలలో చాలవాటియందు గాజునకు స్పర్శజ్ఞానము లేనేలేదు. తెర అంచున నున్న చట్రములో కంటికి కానరాని దీపములు వరుసగా వెలుగుచుండును. వ్రేలు ఆ వెలుగునకు అడ్డు వచ్చును. అడ్డు వచ్చిన చోటును యంత్రము లెక్కకట్టును. అంతియే జరుగుచున్నది.

కంటికి కానరాని వెలుగు ఉన్నదని మనుష్యుడు తెలిసికొన్నది 1800వ సంవత్సరమున. విలియం హెర్షెల్ అను ఆయన జర్మనీ దేశపు హానోవరులో పుట్టి, ఇంగ్లండు చేరి, సంగీతముతో జీవనము సాగించుచు, తన చేతులతో దూరదర్శినులను చేసికొని ఆకాశమును పరిశీలించినవాడు. 1781లో యురేనస్ గ్రహమును కనుగొన్న వాడీతడే. సూర్యుని చూచుటకు ఆయన రంగురంగుల గాజుపలకలను వాడుచుండగా ఒక వింత గోచరించెను. కొన్ని గాజులగుండ వెలుగు తక్కువగ వచ్చుచున్నను వేడి మాత్రము ఎక్కువగ తగులుచుండెను. రంగునుబట్టి వేడి మారునేమో అని ఆయన ఒక పట్టకముచే సూర్యకాంతిని ఏడు రంగులుగా విడదీసి, బల్లమీద పడిన రంగులలో ఉష్ణమాపకమును ఉంచి చూచెను. ఉష్ణమాపకపు బుడ్డికి నల్లరంగు పూసెను. సరిపోల్చి చూచుటకై మరి రెండు ఉష్ణమాపకములను రంగులకు దూరముగా ప్రక్కన ఉంచెను. ఊదా రంగులోకంటె ఎరుపులో వేడి హెచ్చుగ నుండెను. పిమ్మట ఆయన ఎరుపు దాటి, ఏ రంగును పడని చోట ఉష్ణమాపకమును ఉంచెను. అచ్చట పాదరసము ఇంకను పైకి లేచెను. ఏమియు లేదనుకొన్నచోట ఏదో యున్నది! ఎరుపునకు ఆవల నుండుటచే ఆ కిరణములను మనము పరారుణ కిరణములని పిలుచుచున్నాము.

ఉష్ణమాపకమును రంగులలో ఉంచుట ఎవరికైనను తోచవచ్చును. రంగులు ముగిసిన తరువాత, చీకటిలో దానిని ఉంచి చూడవలెనని తోచుటయే అరుదు.

పరారుణ కిరణములు వెలుగు వంటివే. వాటి తరంగములు పొడవైనవి. మన కన్ను సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వరకుగల తరంగములనే చూడగలదు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ భాగము. టెలివిజను రిమోటు కొనయందుండు చిన్న దీపము సాధారణముగ 940 నానోమీటర్ల కాంతిని వెదజల్లును. కావుననే మీట నొక్కినను అందులో వెలుగు కానరాదు. అదే దీపమును చేతిఫోను ముందుభాగపు కెమెరాతో చూచినచో, చాల ఫోనులలో తెల్లగనో లేత ఊదాగనో మినుకుమినుకుమనుచు కనబడును. కెమెరాలోని సిలికాను మన కన్ను చూడలేని దానిని కొంత చూడగలుగుటయే దీనికి కారణము. వెనుకవైపు కెమెరాకు ఈ కిరణములను ఆపు వడపోత గాజు తరచుగ నుండుటచే అందులో కనబడకపోవచ్చును.

తూర్పుకనుమల వెదురుపొదలలో తిరుగు ఒక జాతి పచ్చని విషసర్పమునకు కన్నులకును ముక్కుపుటములకును నడుమ రెండు గుంటలు కలవు. ఆ గుంటలతో అది చీకటిలో ఎలుక శరీరపు వేడిని గుర్తించును. అదియు పరారుణమే; కాని రిమోటు కాంతికన్న పదిరెట్లు పొడవైన తరంగములది. కాబట్టి ‘పరారుణము అనగా వేడి’ అని బాలురు నేర్చుకొను మాట సగమే నిజము. రిమోటు దీపమునకు ఎదురుగ చేయి పెట్టినను వెచ్చదనము తెలియదు.

ఇక తెర చట్రము సంగతి. చట్రమునకు ఒక అంచున దీపములు, ఎదుటి అంచున కాంతిగ్రాహకములు ఉండును. అట్లే పైననుండి క్రిందికి మరియొక వరుస. మగ్గములో పడుగు పేకలు అల్లుకొన్నట్లు తెరకు ముందు కానరాని కిరణములు అల్లుకొనియుండును. వ్రేలు పెట్టగనే అడ్డముగ పోవు కిరణమొకటి, నిలువుగ పోవు కిరణమొకటి తెగును. ఆ రెండును కలియు చోటే వ్రేలున్న చోటు. ఈ ఉపాయము క్రొత్తది కాదు. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమువారు 1972లో ప్లేటో అను బోధనయంత్రపు నాలుగవ రూపమునకు ఇట్టి చట్రమునే అమర్చిరి. దానిలో అడ్డము 16, నిలువు 16 గడులు మాత్రమే ఉండెను. విద్యార్థులు సరియైన సమాధానమును తెరపై తాకి చూపుచుండిరి.

ఇందులో ఒక చిక్కు కలదు. రెండు వ్రేళ్లు ఒకేసారి పెట్టినచో అడ్డము రెండు, నిలువు రెండు కిరణములు తెగును. అవి కలియు చోట్లు నాలుగు! రెండు నిజమైనవి, తక్కిన రెండింటియందు ఏ వ్రేలును లేదు. ఏవి నిజమో ఈ సంఖ్యలనుబట్టి తేలదు. నేటి చట్రములలో కిరణములను ఏటవాలుగా కూడ పంపి ఈ దొంగ చుక్కలను తొలగింతురు.

ఇట్టి పలకను ఇంట చేసికొనవచ్చునా అని కొందరు ఆలోచించిరి. అమెరికాలో జానీ లీ అను యువ పరిశోధకుడు 2007లో పిల్లల ఆటయంత్రపు రిమోటులోని పరారుణ కెమెరాను తీసికొని, కొనయందు పరారుణ దీపము గల కలమును చేసి, మామూలు గోడనే స్పర్శపలకగా మార్చి చూపెను. వేలరూపాయల సామగ్రి చేయు పనిని స్వల్పవ్యయముతో చేసిన ఆ ఉపాయమును లోకమంతట విద్యార్థులు అనుసరించిరి. కాని పలకలోపల ఏమి జరుగుచున్నదో సంఖ్యలరూపమున చూడవలెనన్నచో దీనికంటె సులభమైన మార్గము కలదు. అది పదునారు కన్నుల పలక.

ఒక అట్టపై అడ్డము నాలుగు, నిలువు నాలుగు చొప్పున పదునారు గడులు గీసి, ఒక్కొక్క గడిలో ఒక పరారుణ దీపమును, దాని ప్రక్క ఒక ఫోటోట్రాన్సిస్టరును పైకి చూచునట్లు గ్రుచ్చవలెను. గడికి గడికి మూడు సెంటీమీటర్ల ఎడముండిన చాలును. దీపపు వెలుగు తిన్నగా ప్రక్కనున్న గ్రాహకముమీద పడకుండ రెంటికి నడుమ నల్లని కాగితపు గొట్టము తొడుగవలెను. ఈ చిన్న పని మరచినవారి పలకలు తరచుగ పనిచేయవు. పలకపై చేయి చాచినప్పుడు దీపపు కాంతి చేతికి తగిలి, తిరిగివచ్చి గ్రాహకముమీద పడును. పడిన కాంతినిబట్టి గ్రాహకము విద్యుత్తును ప్రవహింపనిచ్చును. ఆ విద్యుత్తు 10,000 ఓముల నిరోధముగుండ పోవునపుడు దానిపై ఏర్పడు వోల్టేజిని కొలువవలెను.

కొలుచుటకు ఆర్డ్యూయినో అను చిన్న యంత్రపలక సాధనము. ఇది 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున విద్యార్థులకొరకు రూపొందినది. సున్న మొదలు ఐదు వోల్టులవరకుగల వోల్టేజిని ఇది 0 మొదలు 1023 వరకుగల సంఖ్యగా మార్చి చెప్పును. సాధారణపు ఆర్డ్యూయినో ఊనోకు ఇట్లు కొలుచు ద్వారములు ఆరు మాత్రమే. గ్రాహకములు పదునారు. అందుచే పదునారు తీగలను వంతులవారీగా ఒకే ద్వారమునకు కలుపు మీటచిప్పు నొకదానిని నడుమ ఉంచవలెను. పాఠశాలలో మంచినీటి కుళాయి ఒక్కటే యున్నపుడు పిల్లలు వరుసలో నిలిచినట్లు గ్రాహకములును తమ వంతుకొరకు నిలుచును. ఐనను వాటి కాలయాపన స్వల్పము. ఒక కొలతకు సెకనులో పదివేలవ భాగము చాలును. కావున సెకనుకు ముప్పదిసార్లు పలక నంతటిని చూచుట సులభమే.

దీపములన్నిటిని ఆర్డ్యూయినో కాలు ఒక్కదానికే తగిలింపరాదు. ఒక కాలు ఒక దీపమును మాత్రమే భరింపగలదు. పదునారింటి విద్యుత్తు దానిని చెడగొట్టును. ఒక ట్రాన్సిస్టరును మీటగా నడుమ పెట్టి, ప్రతి దీపపు వరుసకు తగిన నిరోధమును కలుపవలెను. మరియొక హెచ్చరిక: కానరాదుగదా యని ప్రబలమైన పరారుణ దీపమును కంటికి చేరువగ పెట్టుకొని చూడరాదు. మామూలు వెలుగు కంటిలో పడినపుడు కనుపాప ముడుచుకొని కంటిని కాపాడును. ఈ వెలుగునకు కనుపాప ముడుచుకొనదు.

ఇప్పుడు యంత్రము సంఖ్యలను పంపుట మొదలుపెట్టును. పలకమీద ఒక మూల చేయి ఉంచినపుడు ఇట్టి సంఖ్యలు రావచ్చును:

190   185   210   180
205   240   500   460
198   480   820   760
188   300   640   590

వీటిని చదివి చేయి ఎచ్చట నున్నదో చెప్పుటకు కొంత తడవు పట్టును. సెకనుకు ముప్పది ఇట్టి పట్టికలు వచ్చుచుండగా చదువుట ఎవరి తరమును కాదు. అందుచే సంఖ్యను వెలుగుగా మార్చవలెను. కంప్యూటరు తెరపై నలుపు 0, తెలుపు 255. నడుమ బూడిదరంగు ఛాయలు. పై పట్టికలో మిక్కిలి చిన్నది 180, పెద్దది 820; తేడా 640. అందు 500 అను సంఖ్య 180కంటె 320 ఎక్కువ. 320 అనునది 640లో సగము. కాబట్టి ఆ గడికి 255లో సగము, అనగా సుమారు 127వ ఛాయ వేయవలెను. ఇట్లే పదునారు గడులకును లెక్కించిన తెరపై నల్లని నేలమీద తెల్లని మచ్చ కనబడును. చేయి కదలిన మచ్చయు కదలును. అమెరికాలో 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై అను వారు చిత్రకారులకును విద్యార్థులకును పనికివచ్చునట్లు ప్రాసెసింగ్ అను ప్రోగ్రాము భాషను ఆరంభించిరి. ఈ లెక్కను ఆ భాషలో కొలదిపంక్తులలో వ్రాయవచ్చును.

బొమ్మ కనబడగనే పని ముగిసినదని సంతోషింతుము. నిజమునకు జాగ్రత్త మొదలుకావలసినది అచ్చటనే. పలకమీద ఏమియు లేనప్పుడు సంఖ్యలన్నియు 180 మొదలు 190 లోపల కొద్దిగా చలించుచుండునని అనుకొందము. ప్రతిసారి ఆ క్షణమునందలి చిన్న సంఖ్యకు నలుపు, పెద్ద సంఖ్యకు తెలుపు ఇమ్మని యంత్రమునకు చెప్పియుండిన, ఆ పది అంకెల చలనమే తెరనిండ తెలుపు నలుపుల అలజడిగా కనబడును. ఖాళీపలకపై తుపాను లేచినట్లుండును! అందుచే నలుపునకును తెలుపునకును హద్దులను ముందుగా నిర్ణయించి, వాటిని మార్చకుండ ఉంచవలెను. హద్దులెవ్వో బొమ్మ ప్రక్కన వ్రాయవలెను. హద్దులు వ్రాయని రంగుబొమ్మను నమ్మరాదు. అది పత్రికలో వచ్చినదైనను సరే.

మరియొక మాయ కలదు. పదునారు గడుల బొమ్మ మోటుగ నుండునని, గడుల నడుమ ఛాయలను క్రమముగా కలిపి నున్నని బొమ్మగా చేయుదురు. చూచుటకు ముచ్చటగానే యుండును. కాని కొలిచినవి పదునారు సంఖ్యలే. నడుమ నిండిన వేలకొలది చుక్కలు ఊహ. ఈ ఊహ ఒక్కొక్కప్పుడు మేలు చేయును. ఒక వరుసలో నాలుగు గడుల విలువలు 0, 100, 300, 0 అనుకొందము. రెండవ గడికి 100, మూడవ గడికి 300 బరువులు తూచినట్లు లెక్కించిన, 2 × 100, 3 × 300 కలిపి 1,100. దానిని 400 చేత భాగింపగా 2.75 వచ్చును. వ్రేలు రెండవ గడిని దాటి మూడవ గడికి చేరువగ నున్నదన్నమాట. గ్రాహకమే లేని చోటును కూడ లెక్క చూపినది. కాని అచ్చట రెండు వ్రేళ్లున్నచో? అప్పుడును లెక్క 2.75 అనియే చెప్పును. వ్రేలు లేనిచోట వ్రేలును చూపును. ఉన్నది ఒక్క వ్రేలే అని మనకు ముందు తెలిసినపుడే ఆ సమాధానము సత్యము.

ఈ పలకను బేస్తవారిపేట వంటి చోట వాడువారికి అన్నిటికంటె పెద్ద శత్రువు ఎండ. సూర్యకాంతిలో పరారుణము మిక్కుటముగ నుండును. కిటికీ తలుపు తెరచినంతనే గ్రాహకములన్నియు మెలకువ వచ్చినట్లు పెద్ద సంఖ్యలు చెప్పును. దీనికి చక్కని ఉపాయము తీసివేత. ముందు దీపములను వెలిగించి ఒకసారి, పిదప ఆర్పి మరియొకసారి కొలువవలెను. వెలిగించినపుడు 640, ఆర్పినపుడు 410 వచ్చిన, తేడా 230 మన దీపముది, 410 ఎండది. రెండు కొలతలును కనురెప్ప పాటులోపలనే ముగియుటచే ఆ నడుమ ఎండ మారదు. కాని ఈ ఉపాయమునకును హద్దు కలదు. ఏప్రిలు మధ్యాహ్నపుటెండ తిన్నగా పలకమీద పడినచో గ్రాహకము నిండిపోవును. దీపము వెలిగినను 1023, ఆరినను 1023. తీసివేసిన సున్న. నిండిన కుండలో పోసిన చెంబెడు నీళ్లు ఎన్నియో కుండను చూచి చెప్పలేము. అప్పుడు గణితము పనికిరాదు. పలకను నీడలోనికి జరుపవలసినదే.

గ్రాహకములు ఒకే పెట్టెలోనివైనను అన్నియు ఒక్క తీరున చూడవు. ఒకే తెల్లకాగితమును ఒకే ఎత్తున పట్టినను ఒకటి 700 అనును, ఒకటి 620 అనును. అందుచే పని మొదలుపెట్టకముందు తెల్లకాగితముతో ఒకసారి, ఏమియు లేకుండ ఒకసారి కొలిచి, ప్రతి గ్రాహకపు స్వభావమును వ్రాసియుంచుకొని లెక్కను సరిచేయవలెను. తూకమునకు ముందు త్రాసు ముల్లును చూచుకొను వర్తకునకు ఇది క్రొత్త కాదు. రంగులనుబట్టియు మోసపోరాదు. కంటికి నల్లగనుండు బట్టలు కొన్ని పరారుణమునకు తెల్లని బట్టలవలె మెరయును. కొన్ని నల్లగనే యుండును. ఏది యెట్టిదో పలకపై పెట్టి చూచి తెలిసికొనవలెను. మార్కాపురపు రాతిపలకనే ముందుగా పెట్టి చూచుట ఆ ప్రాంతపు పిల్లలకు సరదాయైన పని.

చేతి పలకయందు జరుగు పనియే ఆకాశమునందును జరుగుచున్నది. 1970 ప్రాంతమున కేరళలో కొబ్బరిచెట్లకు వేరుకుళ్లు తెగులు సోకగా, శాస్త్రజ్ఞుడు పి. ఆర్. పిషరోటి, ఆయన సహచరులును హెలికాప్టరునుండి పరారుణమును గ్రహించు ఫిల్ముపై తోటలను ఫోటోలు తీయించిరి. ఆరోగ్యముగల ఆకు పరారుణ కిరణములను ఎక్కువగ తిప్పికొట్టును. వ్యాధిపడినది అంతగా తిప్పికొట్టదు. అందుచే తెగులు సోకిన చెట్లు ఆ ఫోటోలలో వేరుగ తెలిసినవి. 1988 మార్చి 17న బైకనూరునుండి ఎగిరిన ఐ.ఆర్.ఎస్. 1ఏ అను భారతీయ ఉపగ్రహము పరారుణమును చూచు కన్నులతో భూమిని పరిశీలించెను. దాని సంతతియైన రిసోర్స్‌శాట్ 2 ఉపగ్రహము 2011 ఏప్రిలు 20న శ్రీహరికోటనుండి ఎగిరెను. ఇట్టి ఉపగ్రహములు పంపు సంఖ్యలను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు షాద్‌నగరు వద్ద అందుకొని చిత్రములుగా మార్చుదురు.

ఆ చిత్రములలో పరారుణమునకు ఎరుపురంగు నిచ్చుట ఆచారము. కాబట్టి పచ్చని పైరు ఎర్రగ కనబడును. నీరు ఈ కిరణములను మ్రింగివేయును గనుక చెరువు నల్లగ కనబడును. బేస్తవారిపేటకు చేరువనున్న కంభం చెరువు గుండ్లకమ్మ నదిపై విజయనగర రాజుల కాలమున కట్టినదని ప్రసిద్ధి. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముగ గుర్తింపు లభించినది. వానలు తక్కువయైన ఆ సీమలో చెరువున నీరెంత యున్నదో తెలియుట రైతునకు ముఖ్యము. నాట్లు వేయుటయా మానుటయా అన్నది దానిపై నుండును. రిసోర్స్‌శాట్ 2 కెమెరాలలో నొకదాని చిత్రమున ఒక్క గడి నేలపై 23.5 మీటర్ల చదరము, అనగా 552 చదరపు మీటర్లు. మన లెక్కలో 13 సెంట్లకు పైమాట. నల్లని గడులను లెక్కించి 552 చేత గుణించిన నీరు పరచుకొన్న వైశాల్యము వచ్చును.

కాని చెరువు అంచున నున్న గడిలో సగము నీరు, సగము మట్టి యుండును. దాని ఛాయ నలుపును కాదు, తెలుపును కాదు. బురదనీరు తేటనీటికన్న తెల్లగ కనబడును. నీటిపై గుఱ్ఱపుడెక్క పెరిగియున్నచో చెరువే పైరువలె ఎర్రబడును. నీటి లోతును ఈ చిత్రము చెప్పనేచెప్పదు. దానికి చెరువు అడుగును ముందుగా కొలిచి వ్రాసియుంచిన లెక్క కావలెను. అందుచేతనే చిత్రమును సిద్ధముచేసినవారు దానిని చేతబట్టుకొని క్షేత్రమునకు పోయి, గట్టుమీద నిలిచి, ఈ గడిలో ఉన్నది నీరా, మట్టియా, ఆకా అని ఒక్కొక్కటే సరిచూచుకొందురు.